క్యారియర్. ఇద్దరూ తప్పక రావలెను

చేతిరాత బాగుంటే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆ రోజుల్లో. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, తొంభైల నడుమ మా నర్సీపట్నంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది అలాగే. టైపు లోయర్ పాసయ్యాను, హయ్యర్ రెండుసార్లు తప్పాను (రెండోసారి తప్పు నాది కాదు, మిషనుదని ఇప్పటికీ నా వాదన). మా చర్చిలో ఆదివారం పాడబోయే పాటల నంబర్లు బోర్డు మీద రాసేది నేనే. ఆ అంకెలు చూసి ముచ్చటపడిన డాక్టరమ్మ గారు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా నాన్నను గుమ్మం దగ్గర ఆపి, "మీ అమ్మాయిని రేపు ఆసుపత్రికి పంపండి, రాతపని ఉంది" అన్నారు. మా నాన్న ఆ మాట సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పి, మర్నాడు పొద్దున్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. లోకంలో అన్నీ తెలిసిన వయసు.

ఆసుపత్రి చిన్నదే. దాని వెనక రెండు గదుల్లో కొత్తగా ఒక ల్యాబు పెట్టారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బులు కనిపెట్టడం దాని పని. మా వైపు ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు ఎక్కువ. అది ఉన్న పిల్లలకు చలి తగిలితే చాలు, ఎముకలు విరుస్తున్నట్టు నొప్పులు వస్తాయి. ఆ ల్యాబుకు 'జన్యు పరీక్షల ల్యాబు' అని బోర్డు రాయమంటే, జన్యువు అనే మాట పుట్టి బుద్ధెరిగి వినని పెయింటరు, కాగితం మీద ఎవరో తప్పు రాశారనుకుని, తనకు తెలిసిన మాటతో సరిదిద్ది 'జనుము పరీక్షల ల్యాబు' అని రాసి పెట్టాడు. దాన్ని మార్పించేలోగా మాకవరపాలెం వైపు నుంచి ఒక రైతు వచ్చి నా బల్ల ముందు నిలబడి, "అమ్మా, జనుము ఇత్తనాలు ఎప్పుడిస్తారు?" అని అడిగాడు. నా కొలువులో నేను జవాబు చెప్పిన మొదటి ప్రశ్న అదే. "ఇక్కడ ఇవ్వరండి" అన్నాను. సరైన జవాబు చెప్పానని సంతోషపడ్డాను కూడా.

ల్యాబులో మేం ముగ్గురం. డాక్టరమ్మ గారు, రక్తం తీసే సూది మాస్టారు (అసలు పేరు ఆయనే మరిచిపోయి ఉంటారు), నేను. సూది మాస్టారు రక్తం తీసి, సూక్ష్మదర్శినిలో చూసి, అనుమానం ఉన్నవి ఐసు పెట్టిన ఫ్లాస్కులో బస్సెక్కించి పట్నం పంపేవారు. అక్కడి నుంచి ఇంగ్లీషులో వచ్చిన ఫలితాన్ని నేను తెలుగులో కార్డు మీద రాసి ఆ ఇంటికి పోస్టు చెయ్యాలి. అది కాక, వచ్చిన ప్రతి కుటుంబానికీ రిజిస్టరులో ఒక పటం గియ్యాలి. మగవాళ్ళకు డబ్బా, ఆడవాళ్ళకు సున్నా, పెళ్ళికి మధ్యలో గీత, మేనరికమైతే రెండు గీతలు. జబ్బు ఉన్నవాళ్ళ బొమ్మను నల్లగా నింపాలి. చనిపోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత కొట్టాలి. సున్నాలకు నేను దగ్గుమందు సీసా మూత వాడేదాన్ని. "మా ఆయనకి డబ్బా ఏసి నాకు గుండ్రం ఏటండి, నేనంత లావున్నానా?" అని ఒకావిడ నాతో పోట్లాటకు కూడా వచ్చింది.

అసలు చిక్కు తెలుగు మాటతో వచ్చింది. జబ్బు లేకుండా, దాన్ని పిల్లలకు అందించగల మనిషిని ఇంగ్లీషులో క్యారియర్ అంటారు. పదో తరగతిలో తెలుగులో స్కూలు ఫస్టు వచ్చినదాన్ని కదా, నిఘంటువు తిరగేసి 'మీరు వాహకులు' అని రాయడం మొదలుపెట్టాను. నక్కపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన ఆ కార్డు పట్టుకుని వచ్చి, "వాహనం ఉన్నోళ్ళు రమ్మన్నారంట. మాకు సైకిలే ఉందండి. పర్వానేదా?" అని చేతులు కట్టుకుని అడిగాడు. సూది మాస్టారు ఆ పూటంతా నన్ను "వాహకులు గారూ" అని పిలిచారు. నాకు రోషం వచ్చింది. సరే, మీకు తెలుగు అక్కర్లేదు కాబోలు అనుకుని, ఆ మర్నాటి నుంచే తిన్నగా 'క్యారియర్' అని రాయాలని నిశ్చయించుకున్నాను.

సరిగ్గా ఆ వారమే కృష్ణదేవిపేట దాటి ఎక్కడి నుంచో ఆ జంట వచ్చారు. ఆయన ఆమెకు మేనమామ కొడుకే. పెద్దగా మాట్లాడడు, ఏం అడిగినా ఆవిడ వైపు చూసేవాడు. వాళ్ళ మొదటి పిల్లవాడు మూడేళ్ళు నిండీ నిండకుండా పోయాడు. కామెర్లనుకుని పసరు పోయించారట, తీరా మా ఆసుపత్రికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు ఆవిడకు మళ్ళీ నెల తప్పింది. భార్యాభర్తలిద్దరి రక్తంలోనూ ఆ లక్షణం ఉందని తేలితే, కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో ముందే చూసే పరీక్ష దూరాన పెద్ద ఊళ్ళో చేస్తారు. చూశాక ఉంచుకోవాలో వద్దో వాళ్ళే తేల్చుకోవచ్చు. దానికి నెలల లెక్క ఉంది, దాటితే చెయ్యరు. డాక్టరమ్మ గారు ఇదంతా వాళ్ళకు నెమ్మదిగా చెప్పి, "కార్డు అందగానే ఇద్దరూ వచ్చెయ్యండి" అన్నారు.

నేను వాళ్ళ పటం గీస్తున్నాను. రెండు గీతల మేనరికం, దాని కింద చిన్న డబ్బా, దాన్ని నల్లగా నింపి పైన అడ్డగీత. ఆవిడ నా భుజం మీదుగా చూస్తోందని నాకు తెలియలేదు.

"అదేటండి, ఆడ్ని కొట్టీసినారు?" అంది.

"అది పద్ధతక్కా. లేనివాళ్ళకు అలా గీస్తాం."

"అలగ కొట్టీకండమ్మా. తప్పు రాసినట్టు ఉంటాది."

రికార్డు కదక్కా అని చెప్పి, పేజీ తిప్పేశాను. ఇరవై ఏళ్ళ మనిషికి రికార్డు అంటే దేవుడు.

పట్నం నుంచి ఫలితం తొందరగానే వచ్చింది. ఇద్దరికీ ఆ లక్షణం ఉంది. నేను ముత్యాల్లాంటి అక్షరాలతో కార్డు రాశాను: 'క్యారియర్. ఇద్దరూ తప్పక రావలెను.' అక్షరాల మధ్య ఎడం కూడా ఎంతో అందంగా కుదిరిందని సూది మాస్టారికి చూపించి మరీ పోస్టు డబ్బాలో వేశాను. వారం గడిచింది, వాళ్ళు రాలేదు. రెండో వారం డాక్టరమ్మ గారు అడిగారు. "పంపానండి" అన్నాను. మూడో వారం మళ్ళీ రాశాను, ఇంకా అందంగా. నాలుగో వారం కూడా నిండిపోయాక ఒక పొద్దున్న ఇద్దరూ వచ్చారు. ఆయన చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరు ఉంది. చింతపండుతో తోమినట్టున్నారు, ధగధగా మెరిసిపోతోంది. దాన్ని తెచ్చి డాక్టరమ్మ గారి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. సూది మాస్టారు మూత తీసి చూశారు. నాలుగు గిన్నెలూ ఖాళీ.

"ఇదేమిటి?" అన్నారు డాక్టరమ్మ గారు.

"మీరు తెమ్మన్నారు కదండి," అంది ఆవిడ. "పోస్టుమాను సదివి సెప్పాడు, క్యారియరుతో ఇద్దరూ తప్పక రావాలంట అని. ఉచ్చ పరీచ్చకి సీసా తెమ్మనీవోరు కదా, ఇదీ అలగే దేనికో అనుకున్నాం. మాకాడ నేదండి. మా ఆడబడుచుకి పెళ్ళిలో పెట్టారు. అది ఇంటికి తాళమేసి అత్తోరూరు ఎల్లిపోనాది. అది తిరిగొచ్చేదాకా ఆగి తెచ్చినాం."

సూది మాస్టారు మొదట నవ్వారు. తర్వాత నేను. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా, బల్ల పట్టుకుని నవ్వాను. మేం నవ్వుతున్నామని వాళ్ళూ మొహమాటంగా నవ్వారు. ఏదో పొరపాటు చేశామని వాళ్ళకు అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. అప్పటికి డాక్టరమ్మ గారు నవ్వడం లేదు. వేళ్ళ మీద నెలలు లెక్కపెడుతున్నారు. రెండోసారి లెక్కపెట్టారు. మూడోసారి లెక్కపెట్టకుండా చెయ్యి బల్ల మీద పెట్టేశారు. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

నెలలు దాటిపోయాయి. అయినా డాక్టరమ్మ గారు పెద్ద ఊరికి ఫోను చేసి చూశారు. అక్కడివాళ్ళు ఇక కుదరదన్నారు. ఆ సాయంత్రం నన్ను తిడతారని కాచుక్కూర్చున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "రేపట్నుంచి ఒక్క మాటలో రాయకు. కార్డు రెండో వైపుకి వెళ్ళినా సరే, మనిషికి చెప్పినట్టు రాయి," అన్నారు, అంతే. మర్నాటి నుంచి నా కార్డుల నిండా అక్షరాలే. మీకు జబ్బు లేదు, మీ రక్తంలో సగం ఉంది, మీకేమీ కాదు, ఇద్దరికీ ఉంటే బిడ్డకు రావచ్చు, ఏమీ తేనక్కర్లేదు, వెంటనే రండి. అందం పోయింది. చదివినవాళ్ళు మాత్రం మూడో రోజుకల్లా వచ్చేవాళ్ళు.

మిగిలిన నెలలన్నీ నేను చర్చిలో మోకాళ్ళు అరిగేలా ప్రార్థన చేశాను. (నంబర్లు రాయడం కూడా మానేశాను, నా రాత చూస్తే నాకే భయం వేసేది.) పాప పుట్టింది. రక్తం పట్నం వెళ్ళింది, ఫలితం వచ్చింది. సీసా మూత పెట్టి సున్నా గీశాను. పెన్సిలుతో దాన్ని నల్లగా నింపడానికి నాకు ఆ పూటంతా పట్టింది.

ఆ తర్వాత వాళ్ళు నెలనెలా మాత్రలకు వచ్చేవాళ్ళు, చలికాలంలో ఇంకా ఎక్కువగా. ప్రతిసారీ అదే క్యారియరు, ఇప్పుడు అన్నంతో (ఆడబడుచుకు తిరిగి ఇవ్వనే లేదు). నొప్పి వస్తే ఆ పిల్ల కేకలకు గోడలు అదిరేవి. నొప్పి లేని రోజు అంతకు రెండింతలు అల్లరి. నా సీసా మూత లాక్కుని పాత కాగితాల నిండా సున్నాలు గీసేది. ఒకసారి రిజిస్టరు చూసి, "ఇందులో నేనేదండి?" అంది. చూపించాను. "నల్లగున్నానేటి?" అంది మూతి ముడిచి. "నువ్వు ముఖ్యమైనదానివి, అందుకని నింపాను," అన్నాను. నమ్మింది. వాళ్ళమ్మ నమ్మినట్టు లేదు.

పాపకు ఆరో ఏడు వచ్చాక గానీ నాకు నోరు రాలేదు. వరండాలో అన్నం గిన్నెలు విప్పుతున్న ఆవిడ పక్కన కూర్చుని, "అక్కా, ఆ కార్డు నేనే తప్పు రాశాను" అన్నాను.

"నాకు తెల్దేటమ్మా? డాక్టరమ్మ గారు ఆరోజే సెప్పినారు," అంది. పిల్ల దూరంగా కుళాయి దగ్గర సూది మాస్టారి మీద నీళ్ళు చల్లుతోంది. "బేగి వొచ్చుంటే ఇది ఉండీది కాదు కదండి," అంది. ఆ మాట నన్ను తిట్టడానికి అందో, క్షమించడానికి అందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. క్యారియరు మూతలో పప్పన్నం కలిపి నా ముందు పెట్టింది. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, ఏడుస్తూ తినడం వల్ల కావచ్చు.

తొమ్మిదో ఏడు, ఒక చలికాలం తర్వాత, ఆవిడ ఒక్కతే వచ్చింది. క్యారియరు నా బల్ల మీద పెట్టి పై గిన్నె తీసింది. నిండా మిగిలిపోయిన మాత్రలు. "ఎవలి పిల్లకైనా పనికొస్తాయి, ఉంచండి," అంది. మొదటిసారి ఖాళీగా తెచ్చిన గిన్నెలు అవి. ఆవిడ వెళ్ళాక రిజిస్టరు తీశాను. పద్ధతి ప్రకారం ఆ సున్నా మీద గీత కొట్టాలి. స్కేలు పెట్టాను, పెన్ను తీశాను. తప్పు రాసినట్టు ఉంటాది అన్న మాట చెవిలో వినబడింది. పెన్నుకు మూత పెట్టి పుస్తకం మూసేశాను.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ల్యాబు ఎత్తేశారు. రిజిస్టర్లు మూటలు కట్టి పట్నం పంపేశారు. ఆ మూట కట్టింది కూడా నేనే, ఎంతో అందంగా పైన పేరు రాసి. హయ్యర్ తప్పినప్పుడు నెపం మిషను మీదకు నెట్టినదాన్ని, ఆ కార్డు విషయంలో చాలా రోజులు పోస్టుమాను మీదకు నెట్టిచూశాను. గీత కొట్టని ఈ ఒక్క తప్పు మాత్రం తెలిసి చేశాను, నాదేనని ఒప్పుకుంటాను. ఎవరైనా ఆ మూట విప్పి పేజీ తిప్పితే, సీసా మూతతో గీసిన ఆ సున్నా మీద ఏ గీతా ఉండదు. ఆ పుస్తకంలో మా పిల్లకు ఇప్పుడు ముప్ఫై దగ్గరపడుతూ ఉంటాయి.