మూడో రోజు కణాలు

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా ఆవిడ తల మీద చెయ్యి పెట్టబోతే తప్పుకుంది గానీ, ఒట్టు ఒట్టే.

నెల్లూరులో దొరవారిసత్రం బస్సెక్కినాను. పక్క సీట్లో ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. బతికున్న కణాలు స్పష్టంగా కనిపించేలా వాటిలోకి మెరిసే సూక్ష్మ రేణువులు ఎక్కించి, వాటివల్ల కణాలకు హాని ఉందా అని పరీక్షిస్తుందట.

నేనూరుకుంటానా? "పులికాట్‌లో మెరిసే రొయ్యలు తిన్నానమ్మా. వారం పాటు నా పొట్ట వెలుగులోనే పేపరు చదువుకున్నా" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఎన్ని తిన్నారన్నా? మీ ఇంట్లో తిననివాళ్ళు ఎలా ఉన్నారు?" అంది.

నా కోతలను అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. గతుక్కుమని మాట మార్చినాను. "నీ కణాలు ఎట్టున్నాయి?"

"రెండో రోజు దీపాల్లా వెలిగినాయి. మూడో రోజు, అంటే ఈ పొద్దున, చూస్తే చచ్చిపోయినాయి. ఇంకా రాయలేదు. రాస్తే మూడేళ్ళ పని మళ్ళీ మొదలు."

"రెండో రోజుతో ఆపెయ్యమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"రేపెప్పుడో ఈ రేణువుల్నే మనుషుల ఒంట్లోకి ఎక్కిస్తారన్నా" అంటూ నోటుబుక్కు తెరిచింది. బస్సు కుదుపుల్లోనే, మూడో రోజు ఎదురుగా, 'అన్నీ చనిపోయాయి' అని రాసింది.

నాకు సిగ్గేసింది. దిగేముందు రొయ్యల కథ అబద్ధమని ఒప్పుకున్నాను.

ఆ చివరి వాక్యం ఒక్కటే నేను కల్పించింది. నిజానికి నోరెత్తకుండా దిగిపోయినాను.