మా బత్తాయిలను అనుమానించిన ఆడిటర్ గారు

ఆడిటర్ గారు పోయారని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆయన గుమాస్తా ఫోన్ చేస్తే, నాకు ముందు ఏడుపు రాలేదు. "ఎవరు చెప్పారు? మీరు చూశారా?" అని అడిగాను. అది ఆయన మాటేనని ఇద్దరికీ తెలుసు. నిద్రలోనే పోయారట.

అంత అనుమానం మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఆఫీసుకు తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగేవారు. కళ్లముందు మరిగించిన టీ అయితేనే తాగేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

నల్లగొండ దగ్గరి మా బత్తాయి తోట మీద వచ్చిన డబ్బుతో నాన్న మీర్‌పేట్‌లో ఇల్లు కొన్నాడు. ఆ డబ్బు ఎక్కడిదని ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు అడిగారు. తోటదంటే నమ్మలేదు. మా వైపు పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. వ్యాపారి వచ్చి చెట్లు చూసి, మాట అనుకుని, చేతిలో నగదు పెట్టి పోతాడు. రసీదు అడిగితే మనిషిని అవమానించినట్టే. నల్లడబ్బును తోట డబ్బని చెప్పుకునేవాళ్లు పట్నంలో బోలెడు మంది, మమ్మల్నీ వాళ్లతో ఒకే గాటన కట్టారు. ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు వేసిన పన్ను, జరిమానా కట్టాలంటే ఇల్లు అమ్ముకోవాల్సిందే.

కేసు తీసుకునే ముందు ఆడిటర్ గారూ మమ్మల్నే అనుమానించారు. "అసలు తోట ఉందా అండీ?"

నాన్నకు తిక్క రేగింది. "గిదేంది సార్, మీరే గిట్లంటే ఎట్ల?"

"నమ్మానని చెబితే ఎవరూ వినరండీ. చూశానని చెప్పాలి," అంటూ మాతో బస్సెక్కారు. తోటలో ఒక కాయను పట్టుకుని గుంజి చూశారు, బజారులో కొని కట్టామేమోనని! కోసిచ్చిన కాయ మాత్రం తినలేదు. "కేసు నడుస్తోంది. అయ్యాక తింటాను."

మొదటి అప్పీలు ఓడిపోయాం. విచారణంతా కంప్యూటర్‌లోనే. అధికారి ముఖం మాకు తెలియదు, మా తోట ఆయనకు తెలియదు. గుత్తకు తీసుకున్న వ్యాపారేమో, తన మీదికి వస్తుందని భయపడి సాక్ష్యం చెప్పనన్నాడు. అప్పుడు నాన్నకు ఆడిటర్ గారి మీదే గుమాని పుట్టింది. "ఈయన ఆళ్లతోని కలిసిండేమో. గందుకే సాగదీస్తుండు," అన్నాడు. అది ఆయన చెవిన పడింది. కోప్పడతారనుకున్నాం.

"మంచిదే. అనుమానం ఉన్నవాడే కాగితం చదివి సంతకం పెడతాడు," అన్నారు.

ఆ వ్యాపారి చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో! పళ్ల మార్కెట్ పెద్ద అంబర్‌పేట్ అవతలికి వెళ్లిపోయాక, ఎల్బీనగర్‌లో బస్సు మారి మరీ పోయేవారు. అతని లెక్కలు తనే చూసి, భయపడాల్సిందేమీ లేదని నచ్చజెప్పారు. చివరికి అతను ప్రమాణపత్రం ఇచ్చాడు, ట్రిబ్యునల్ మా మాట నమ్మింది. ఇల్లు నిలిచింది. ఆ ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

గెలిచిన రోజు నాన్న కాయలు తెస్తానంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "వాళ్లు హైకోర్టుకు వెళ్లే గడువు దాటనివ్వండి."

గడువు ఇంకా వారం ఉందనగా పోయారు. దుఃఖం కంటే ముందు నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఒక్క కాయ తింటే ఏం పోయేది?

గడువు దాటిన మర్నాడు నాన్న తోటకు పోయి బుట్ట నింపాడు. మార్కెట్ సరుకని అనుమానం రాకుండా ప్రతి కాయనూ ఆకులతో సహా కోశాడు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఆడిటర్ గారి భార్య తలుపు సగమే తీశారు.

"కేసు అయిపోయిందా అండీ?"

"అయిందమ్మా. ఆళ్లు హైకోర్టుకు పోలే."

"ఎవరు చెప్పారు?"

నాన్న బుట్ట ముందుకు చాపాడు. "కోర్టుకు పోయి నేనే చూసిన."

ఆవిడ తలుపు పూర్తిగా తీసి, రెండు చేతులా బుట్ట అందుకున్నారు. ఆకులు ఇంకా వాడిపోలేదు.