మానిటర్‌కు అంటించిన పసుపు చీటీ

మూడేళ్ల కిందట మణికొండలోని ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేసేవాణ్ని. రిసెప్షన్‌లో కూర్చునే స్వరూప రిపోర్టుల ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ "అనుమతిస్తారా?" అని ఒక బాక్స్ వచ్చేది.

"సార్, గిది దినాం ఇరవైసార్లు అడుగుతది. అవుతల పేషెంట్లు లొల్లి జేస్తున్రు. జర బంద్ చెయ్యుండ్రి," అంది.

సరిగ్గా సెట్ చేయాలంటే సగం రోజు పని. బద్ధకించి, "బాక్స్ వస్తే యెస్ నొక్కాలి" అని పసుపు చీటీ మీద రాసి ఆమె మానిటర్‌కు అంటించాను.

ఒక సోమవారం పొద్దున అచ్చం అలాంటి బాక్సే వచ్చింది. ఈసారి అడిగింది మా ప్రోగ్రాం కాదు, ఏదో మెయిల్ తెరిస్తే లోపలికొచ్చిన వైరస్. స్వరూప అలవాటుగా యెస్ నొక్కింది. పావుగంటలో రిపోర్టులన్నిటికీ తాళం పడింది. ఒక్కటీ తెరుచుకోలేదు.

"మా నాయనకు ఇయ్యాల ఆపరేషన్. నిన్నటి స్కాన్ లేకుంటే డాక్టర్ ముట్టనంటుండు," అని ఒకాయన కౌంటర్ పట్టుకుని ఏడ్చాడు.

పరుగెత్తుకొచ్చి నేను మొట్టమొదట చేసిన పని, ఆ చీటీ పీకి జేబులో పెట్టుకోవడం. స్వరూప చూసింది.

"ఎవరు నొక్కమన్నారు?" అని మేనేజర్ అరిచాడు.

ఆమె ఒక్కసారి నా వైపు చూసి, తల దించుకుని, "నేనే నొక్కిన సార్," అంది. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

ఆ కంప్యూటర్ పాపం ప్రతిసారీ అడిగింది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు.