జీపు ఎత్తు పెంచిన ఏడాది

బోథ్ దగ్గరి ఒక పశువుల దవాఖానకు డాక్టరుగా వెళ్లిన మొదటి వానాకాలంలోనే నాకు మోటార్ సైకిల్ మీద నమ్మకం పోయింది. నేను చూడాల్సిన ఊళ్లలో ఆరు గూడేలు వాగు అవతల గుట్టల మధ్య ఉంటాయి. నల్లరేగడి తడిసిందంటే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి బండి ముందుకు రాదు, వెనక్కీ పోదు. టీకా మందుల పెట్టెతో రెండుసార్లు బురదలో పడ్డాక, జగిత్యాల వైపు ఒక రైతు అమ్ముతున్న పాత జీపు కొన్నాను. నాలుగు చక్రాలకూ ఇంజను పట్టు ఉండే రకం. జీపు నడపడం నాకు కొత్త కాదు. మా బాపు మంచిర్యాల దగ్గర బొగ్గుగని వర్క్‌షాపులో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నేను కాలేజీలో చేరిన ఏడాది కాలనీ వెనక మట్టి రోడ్డు మీద ఆయనే నాకు నేర్పాడు.

కొన్న నెలలోపే వాగు దాటుతుంటే జీపు అడుగు ఒక బండ మీద కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి కానీ బండి కదల్లేదు. గూడెం నుంచి ఎడ్లను తెచ్చి లాగించాం. మా దవాఖాన అటెండరు దాన్ని ఫోటో తీశాడు. ఆ ఫోటో నేను మా తమ్ముడికి పంపాను. సలహాలు అక్కడి నుంచి మొదలయ్యాయి.

తమ్ముడు దుబాయిలో టూరిస్టులను ఎడారిలో తిప్పే బండి నడుపుతాడు. సాయంత్రానికల్లా ఐదు వీడియోలు పంపాడు. ఇసుక దిబ్బల మీద ఎగిరెగిరి పడుతున్న ఎత్తైన బండ్లు. ఫోన్ చేసి, "అక్కా, నీ బండి మస్తు కిందికున్నది. స్ప్రింగుల కింద దిమ్మెలు పెట్టి లేపించు. పెద్ద టైర్లు ఎయ్యించు. గంతే, ఇంక యాడ ఆగదు" అన్నాడు.

బాపుకు చెబితే ఆయన వేరే మాటన్నాడు. "అడుగు తగిలితే అడుగుకు మందపు రేకు కట్టాలె బిడ్డా. బండి మొత్తం లేపుడెందుకు? బండ కనవడితే దాన్ని చక్రాల నడిమికి తీసుకోకు. చక్రమే దాని మీదికి ఎక్కియ్యి, అడుగు పైకి లేస్తది. పాత టైర్లకేమైంది, అవే మంచిగున్నయి."

ఇద్దరూ కాక, ఫోన్లో నేను చేరిన జీపుల వాళ్ల గ్రూపు ఒకటి ఉండేది. అక్కడ ఒకాయన నాలుగు అంగుళాలు లేపమంటే, ఇంకొకాయన రెండు చాలనేవాడు. టైర్లలో గాలి సగం తీసెయ్యమని ఒకరు, తీస్తే రాళ్ల మీద రిమ్ము వంగుతుందని మరొకరు. అందరూ గట్టిగానే చెప్పేవాళ్లు. ఎవరి మాట ఎందుకు నమ్మాలో నాకు తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకు ఎత్తు జీపు మీద మనసైంది. ఆడ డాక్టరు బురదలో ఇరుక్కుందని బస్టాండు దగ్గర నవ్విన వాళ్లు నాకు గుర్తున్నారు. అందుకే నాకు నచ్చిన మాటనే మంచి సలహా అనుకున్నాను.

కరీంనగర్‌లో ఒక షెడ్డులో రెండు రోజులుండి పని చేయించాను. షెడ్డు ఓనరు నలభై ఏళ్ల మనిషి, చేతి పని చురుకు. స్ప్రింగుల దగ్గర ఇనుప దిమ్మెలు పెట్టి, బిగింపు పట్టీలు పొడుగువి వేసి, పెద్ద టైర్లు ఎక్కించాడు. "ఇంకేమన్న మార్చాల్నా అన్నా?" అని అడిగాను. "ఏం అక్కర లేదు మేడం. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. తిరిగి వస్తుంటే ధర్మపురి దగ్గర చాయ్ తాగడానికి ఆపాను. జనం జీపు చుట్టూ చేరి చూశారు. నాకు గర్వంగానే ఉంది.

వారం తిరక్కముందే తేడాలు కనిపించాయి. వేగం అరవై దాటితే కాళ్ల కింద ఏదో గరగరమనేది. స్టీరింగు నిలకడగా ఉండేది కాదు. బ్రేకు ముందుకంటే ఎక్కువ లోతుకు తొక్కాల్సి వచ్చేది, బండి కూడా ఆలస్యంగా ఆగేది. తమ్ముడిని అడిగితే, "కొత్తల గట్లనే ఉంటది, సెట్ అయితది" అన్నాడు. షెడ్డాయన కూడా అదే అన్నాడు. ఇద్దరూ ఒకే మాట అనేసరికి నేను అనుమానం పక్కన పెట్టాను. బాపును మాత్రం అడగలేదు. వద్దన్న పని చేశాను కాబట్టి ఆయనకు ఫోన్ చేసినప్పుడల్లా జీపు మాట రాకుండా జాగ్రత్తపడ్డాను.

శ్రావణంలో ఒక ఉదయం గూడెం నుంచి, నన్ను అమ్మా అనడానికి బదులు బాయి అని పిలిచే ఒక పెద్దాయన నడుచుకుంటూ దవాఖానకు వచ్చాడు. తన ఆవు తెల్లవారుజాము నుంచి ఈనలేక అవస్థ పడుతోందట. దూడ కాలు ఒకటే బయటికి కనబడుతోందట. ఆయన్ని వెనక సీట్లో, అటెండర్‌ను నా పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను. వాన ఆగి గంటయింది.

గుట్ట దాటాక వాగులోకి ఒక దిగుడు ఉంది. ఎడమవైపు మట్టి గట్టు, కుడివైపు కింద వాగు. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలని బాపు నేర్పిన అలవాటు కొద్దీ బండిని ముందే రెండో గేరులో వేశాను. సగం దిగామో లేదో ముందు ఎడమ చక్రం నీళ్లు కోసిన గుంతలో పడింది. ఆ చక్రం ఒక్క క్షణం గాల్లో వేలాడడం నాకు తెలిసింది. బండి గుంత దాటింది. బ్రేకు తొక్కాను. కాలు నేరుగా నేలకు తగిలింది. మళ్లీ తొక్కాను. పెడల్‌లో ఏమీ లేదు.

"బ్రేకు లేదు" అన్నాను.

కింద వాగు ఒడ్డున నలుగురు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. దారి నేరుగా వాళ్ల దగ్గరికే పోతుంది. హారను మీద చెయ్యి వేసి తియ్యలేదు. వాళ్లు తల ఎత్తి చూశారు కానీ లేవలేదు. డాక్టరు జీపు రోజూ వచ్చేదే కదా.

"మేడం, క్లచ్ తొక్కుండ్రి, ఫస్టు గేరు ఎయ్యుండ్రి" అన్నాడు అటెండరు. నా కాలు క్లచ్ మీదికి వెళ్లింది కూడా. తొక్కితే గేరు పడేలోపు బండిని పట్టుకునేది ఏదీ ఉండదని అప్పుడు తట్టింది. కాలు వెనక్కి తీశాను. ఇంజను ఒక్కటే అరుస్తూ బండిని ఆపుతోంది. అయినా వేగం కొంచెం కొంచెం పెరుగుతూనే ఉంది. హ్యాండ్ బ్రేకు లాగితే వెనక చక్రాలు జారి బండి వాగు వైపు తిరగబోయింది. వదిలేశాను.

వెనక నుంచి పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "గట్టుకు ఆనియ్యి బాయి. గట్టుకు రాకించు."

స్టీరింగు ఎడమకు తిప్పాను. ఎడమ చక్రాలు గట్టు మీదికి ఎక్కాయి. మామూలు జీపు అయితే గట్టుకు రాసుకుని ఆగేది. మాది ఎత్తు పెంచిన జీపు. ఎడమ పక్క లేస్తూనే బండి మొత్తం కుడికి, నా వైపుకు ఒరిగింది. నా పక్క కిటికీలో ఆకాశం పోయి ఎర్రటి వాగు నీళ్లు కనిపించాయి. మందుల పెట్టె జారి నా భుజానికి తగిలింది. ఇంక తిరగబడుతుందనుకున్నాను. ముందు ఇరుసు గట్టు మట్టిలో దిగబడి, బండి కుదిపినట్టు ఆగింది. ఇంజను దానంతట అదే ఆగిపోయింది.

బండి చిన్నగా ఊగుతోంది. అటెండరు తలుపు మీద చెయ్యి వేశాడు.

"దిగకు" అన్నాడు పెద్దాయన. "మనిద్దరం లేస్తే గిది వాగు దిక్కు ఒరిగి పండుతది. ముందు బాయిని రానియ్యి. మనం ఇటు బరువున్నం."

సీటు మీద నుంచి పాకుతూ, అటెండరు మోకాళ్ల మీదుగా, తల ముందుకు పెట్టి ఎడమ తలుపులోంచి గట్టు మీద పడ్డాను. లేచి బయటి మెట్టు పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను. అటెండరు దిగి నా పక్కన వేలాడాడు. చివరికి పెద్దాయన దిగాడు. అప్పటికి ఆడవాళ్లు పైకి పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో ఒకావిడ జీపు వెనక చక్రాల కింద రాళ్లు పెట్టింది. గూడెం మగవాళ్లు వచ్చి తాళ్లతో జీపును చెట్టుకు కట్టేదాకా నేను మెట్టు వదల్లేదు. వదలమని అటెండరే నా వేళ్లు విప్పాల్సి వచ్చింది.

అక్కడి నుంచి గూడేనికి నడిచి వెళ్లాం. ఆవు పడుకుని ఉంది. దూడ రెండో ముందుకాలు లోపల వెనక్కి మడతపడింది. చెయ్యి పెట్టి దాన్ని ముందుకు తెచ్చాను. చాలాసేపు పట్టింది. దూడ చనిపోయి పుట్టింది. ఆవు బతికింది. "పొద్దుగాలనే సచ్చిపోయి ఉంటది బాయి, నువ్వేం జేస్తవ్" అన్నాడు పెద్దాయన. అయి ఉండొచ్చు. మేము దారిలో పోగొట్టుకున్న సమయం దాన్ని బతికించడానికి చాలేదో చాలేది కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పాను, మర్నాడే ఆయన బస్సులో వచ్చాడు. చేతి సంచిలో నట్లు విప్పే పానాలు తప్ప ఏమీ లేవు. గూడెం వాళ్లు ఎడ్లతో పైకి లాగిపెట్టిన జీపు కిందికి దూరి, చాలాసేపటి తర్వాత బయటికి వచ్చి, తెగిన రబ్బరు గొట్టం నా చేతిలో పెట్టాడు.

"బండి లేపిండ్రు గని బ్రేకు పైపు పాతదే ఉంచిండ్రు. చక్రం గుంతల పడ్డప్పుడు కిందికి వేలాడతది గదా. పైపు అంత దూరం సాగలే. తెగింది. పాత బండి, నాలుగు చక్రాలకు ఒకటే లైను. ఒక్కటి తెగితే అంత ఆయిలు పాయె." మళ్లీ ఒకసారి కిందికి వంగి చూసి, "అడుగున గరగరమంటున్నదా?" అని అడిగాడు. అవునన్నాను. "ఇంజను బలం వెనక్కి తెచ్చే రాడ్డు వంకర కోణంల తిరుగుతున్నది. నన్నెందుకు అడగలే బిడ్డా?"

"వద్దన్నవు గదా బాపూ."

"వద్దంటి. ఎందుకు వద్దో చెప్పలే. నాది గూడ తప్పే" అన్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం. బాపు కోపంగా ఏమీ అనలేదు. ఒక్కటే అడిగాడు. "నువ్వు నడిపే బండి నువ్వే లేపినవా? కింద పైపులు ఎంత పొడుగున్నయో సూసినవా?"

తమ్ముడు చిన్న గొంతుతో అన్నాడు. "కంపెనీ మెకానిక్కులు చేస్తరు బాపూ. నాకు తాళం ఇస్తరు, నేను నడుపుత. కిందికి వంగి ఎన్నడు సూడలే." ఆ వెంటనే, "అక్కకు ఏమన్న అయితే ఎట్లుండె" అన్నాడు. అటు నుంచి ఏడుపు వినిపించింది. నేను ఫోన్ స్పీకర్ తీసి చెవికి పెట్టుకుని బయటికి నడిచాను.

ఆ వారం బాపు నా దగ్గరే ఉన్నాడు. నాకు వచ్చిన సలహాలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాం. చెప్పినాయన తన బండికి ఆ పని చేశాడా, చేసి ఎంత కాలం నడిపాడు, ఎలాంటి నేల మీద, దానితో పాటు ఇంకేం మార్చాల్సి వచ్చింది అని గ్రూపులో అందరినీ అడిగాను. సగం మంది జవాబివ్వలేదు. ఇద్దరు కోప్పడ్డారు. ఉట్నూరు వైపు ఒకాయన మాత్రం తన జీపుకు ఏం చేశాడో, అందులో ఏది చెడిపోయిందో ఓపిగ్గా రాశాడు. నాలుగు అంగుళాలు లేపి మళ్లీ దించుకున్న సంగతి కూడా దాచలేదు. టైర్ల విషయంలో ఆయన రాసింది చదివి బాపు కూడా మెత్తబడ్డాడు. "లోతు గీతల టైర్లు నల్లరేగట్ల పనికొస్తయట. గీ ముచ్చటల నీ తమ్ముడే నయం. నేనన్నది మా బొగ్గుగని రోడ్ల ముచ్చట" అన్నాడు. దిమ్మెలు తీయించాం. పాత సైజులోనే లోతు గీతల టైర్లు, అడుగుకు మందపు రేకు, కొత్త బ్రేకు పైపులు వేయించాం.

ఆ తర్వాత నేనూ బాపూ కరీంనగర్ వెళ్లాం. షెడ్డులో ఇంకో రెండు జీపులు పైకి లేపి ఉన్నాయి. ఓనరు నన్ను చూసి నవ్వాడు. జరిగింది చెప్పాను. ఆయన ముఖం మారింది. "మీరు గుంతల స్పీడుగ పోయి ఉంటరు మేడం. నేను చేసినంక ఒక్కరు గూడ కంప్లైంటు తేలే" అన్నాడు. బాపు తెగిన గొట్టం బల్ల మీద పెట్టి, పైకి లేపి ఉన్న జీపు దగ్గరికి వెళ్లి, ముందు చక్రం పక్క గొట్టాన్ని వేలితో లాగి చూపించాడు. అది తాడులా బిగిసి ఉంది.

షెడ్డాయన వంగి చూశాడు. తనే వేలితో ఇంకోసారి లాగి చూశాడు. నేను గొడవకు సిద్ధపడే వచ్చాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని, "నాకు పని నేర్పినాయన గిట్లనే నేర్పిండు. పైపు సంగతి ఆయన చెప్పలే, నేను అడగలే" అన్నాడు బాపుతో.

"ఇప్పటిదాక లేపినయి ఎవరెవరియో యాదికున్నయా?" అని బాపు అడిగాడు.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నంబర్లు వెతుక్కుంటూ షెడ్డు మూలకు నడిచాడు. మొదటి రెండు ఫోన్లు ఎత్తలేదు. మూడోది ఎత్తారు. "అన్నా, బండి యాడున్నది? గుట్టల దిక్కు తీస్తున్నవా? తియ్యకు. నేను చెప్పేది జర ఇను" అన్నాడు. మేము అక్కడే నిలబడి, ఆ మాటలు అటువైపు మనిషికి అర్థమయ్యేదాకా విన్నాం.