వెయ్యి కిలోమీటర్ల నిదానం

కొత్త ఇంజను మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం మైనంలా, కొంచెం మాడిన రంగులా ఉంటుంది. నాలుగు రోజులకు పోతుంది. మళ్లీ ఆ బండికి ఎప్పటికీ రాదు. మొన్న మా పక్కింటాయన కొత్త కారు తెచ్చి ఎండలో ఇంటి ముందు ఆపినప్పుడు ఆ వాసన మా వరండా దాకా వచ్చింది. చేతిలో పేపరు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. నాకు సావిత్రక్క గుర్తొచ్చింది.

ఎమ్మిగనూరులో సావిత్రక్కది చీరల దుకాణం. మగ్గాలవాళ్ల దగ్గర నూలు చీరలు కొని చుట్టుపక్కల ఊళ్లకు పంపేది. నేను ఆ దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి, అవసరమైతే బండి నడిపేవాణ్ణి. అప్పటికే అరవై దాటిన మనిషి, గట్టి గొంతు. మామూలుగా అందరినీ నువ్వనే పిలిచేది. కోపమొస్తే మాత్రం తిట్టేది కాదు, ఉన్నట్టుండి మర్యాదగా ‘మీరు’ అనడం మొదలుపెట్టేది. ఆ మర్యాదకు మేమందరం వణికేవాళ్లం.

ఆ ఏడాది నా భార్య పార్వతి ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో ఉన్న పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదు. తప్పు నాదే. వాళ్ల తమ్ముడి గృహప్రవేశంలో, పంక్తి భోజనాల దగ్గర, నా ఫోను ఛార్జరు మరిచిపోయి వచ్చిందని అందరి ముందూ నోటికొచ్చినట్టు మాట్లాడాను. అప్పుడామె చేతిలో సాంబారు బకెట్టు ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేనొక్కణ్ణే ఊరికొచ్చాను. ఆ తర్వాత రోజూ ఫోను చేసేవాణ్ణి. మొదట బతిమాలేవాణ్ణి, బతిమాలినా రానంటుందేమని అరిచేవాణ్ణి, అరిచినందుకు మళ్లీ బతిమాలేవాణ్ణి. చివరికి ఆమె ఫోను ఎత్తడం మానేసింది. దుకాణం వెనక నిలబడి నేను అరిచే అరుపులు లోపల అక్కకు వినిపిస్తాయని నాకు తట్టనే లేదు.

అలాంటి రోజుల్లో అక్క కొత్త కారు కొంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడపాలో షోరూమాయన చెప్పాడు. స్టార్టు చేయగానే ఉరికించకూడదు. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కకూడదు. ఎనభై దాటకూడదు. అలాగని గంటలకొద్దీ ఒకే వేగంతోనూ పోకూడదు, కాసేపు పెంచుతూ కాసేపు తగ్గిస్తూ పోవాలి. బరువు వేయకూడదు. అక్క అదంతా మళ్లీ మళ్లీ చెప్పించుకుని, “ఎందుకు నాయనా అట్ల?” అని కారణం కూడా అడిగింది. నేను మాత్రం ఇవన్నీ నాకు తెలిసినవేనన్నట్టు బయటికి వచ్చి నిలబడ్డాను.

అక్క ముందు సీట్లోనే కూర్చునేది. కళ్లు రోడ్డు మీద కాదు, స్పీడు ముల్లు మీద. మొదటిరోజే ఆదోని రోడ్డులో నిండా మేకలున్న ట్రాలీ ఆటో ఒకటి మమ్మల్ని దాటింది. ఆటోవాడు తల బయట పెట్టి, “ఏమన్నా, కారు తోల్తాండావా, పెండ్లికూతుర్ని నడిపిస్తాండావా?” అని అరిచాడు. మేకలు కూడా మమ్మల్నే చూస్తున్నట్టనిపించింది. నా కాలు దానంతటదే కిందికి పోయింది.

“యాడికి పోతాండావు?” అంది అక్క.

“చూడక్కా, మేకల బండి కూడా...”

“పోనీలేప్పా ఈరన్నా. మేకలకు ఏం తొందర పనుండాదో. నీకేముండాది?” అని ఆటోవాడికి నవ్వుతూ చెయ్యి ఊపింది.

ఒక వారం గడిచాక, “ఊర్లో తిప్పితే ఇంజను కుదురుకోదంట. దూరం పోవాల. పొద్దుటూరు పోదాం, ఆడ దుకాణాలోళ్లకు మన చీరలు చూపిద్దాం” అంది. ఆ ఊరి పేరు వినగానే ఆమె ముఖంలోకి చూశాను. ఆమె మాత్రం వెనక సీట్లో చిన్న చీరల మూట సర్దుకుంటోంది. పార్వతి వాళ్ల పల్లె మలుపు రాగానే దప్పికైతాందని లోపలికి తిప్పించి, వాళ్ల ఇంటి ముందే ఆపించింది. నేను తలుపు తీయబోయాను. “నువ్వు దిగొద్దు. ఇంజను సల్లగా కానీ” అని తనొక్కతే లోపలికి వెళ్లింది. ఇంజను చల్లబడింది, నేను చల్లబడలేదు. పార్వతి బయటికి రాలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు పార్వతే చెంబుతో నీళ్లు తెచ్చి కారు కిటికీ దగ్గర నిలబడింది. నెలల తర్వాత ఆమెను అంత దగ్గరగా చూడటం. “పార్వతీ, నేను...” అని మొదలుపెట్టాను. ఆమె వెనకే వచ్చిన అక్క, “నీళ్లు తాగి చెంబు ఇచ్చేయప్పా. ఆయమ్మకు పనులుండాయి” అంది. ఆ అవమానం నన్ను దారి పొడుగునా కాల్చింది. మైదుకూరు దాటాక రోడ్డు ఖాళీగా కనిపించింది. ఉన్న కసి అంతా పెట్టి తొక్కాను. ఇంజను గొంతు చించుకుంది.

“బండి ఆపండి” అంది అక్క.

ఆపాను. ఆమె దిగి, శనగ చేను గట్టున రాయి మీద కూర్చుంది. నేను చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. కాసేపటికి ఆమె గొంతు మామూలుగా మారింది.

“షోరూమాయన చెప్పింది వింటివా నువ్వు?”

“లేదక్కా.”

“కొత్త ఇనుము లోపల గరుకుగా ఉంటాదంట. ఒకటినొకటి నిదానంగా రాసుకుంటే నునుపైతాదంట. బలవంతం చేస్తే గీతలు పడతాయి. పడితే మళ్ల పోవంట.”

“పార్వతికి శానా గీతలు పెట్టినానక్కా” అన్నాను.

“నేను ఇంజను సంగతి చెప్తాండా. నువ్వేమనుకుంటివి?” అంటూ లేచి చీర దులుపుకుంది. కారెక్కాక, అద్దంలోంచి బయటికి చూస్తూనే, “ఆ ఫోన్లు చేసేది ఆపు. నిలబడి ఉన్న బండిని రంకెలేపిస్తే యాడికీ పోదు” అంది.

ఆపేశాను. ఆ తర్వాత వెళ్లినప్పుడు అక్క నన్ను కారు దిగనిచ్చింది. అరుగు మీద కూర్చుని, మా అత్త మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని పార్వతిని అడిగాను. ఆమె చెప్పింది. నేను విన్నాను. అడగడం కాదు, జవాబు పూర్తిగా వినడమే నాకు కొత్త.

మొదటి సర్వీసులో పాత ఆయిలు తీస్తుంటే అక్క వంగి చూసింది. నల్లటి నూనెలో సన్నటి ఇనప పొడి తళతళలాడుతోంది. “ఇదంతా లోపలుండిందా!” అని ఆశ్చర్యపోయింది. ఇంక మామూలుగా నడపచ్చని వాళ్లు చెప్పగానే నా వైపు తిరిగి, “రేపు పొద్దుటూరు పో” అంది.

“నువ్వు రావా అక్కా?”

“నాకేం పని ఆడ?”

అప్పుడు వెనక సీటు వైపు చూశాను. చీరల మూట మొదటిసారి ప్రొద్దుటూరు బయల్దేరినప్పుడు వేసిన ముడితోనే ఉంది.

మర్నాడు పార్వతి కారెక్కే ముందు ఒకే మాట చెప్పింది. “అరిస్తే దిగిపోతా. యాడైనా సరే.” సరేనన్నాను. ఆళ్లగడ్డ దగ్గర ఒక మోటారు సైకిలు అడ్డం వచ్చింది. నా నోట్లోంచి బూతు వచ్చేసింది. “ఆపు” అంది పార్వతి. బ్యాగు తీసుకుని దిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు పక్కన నడవడం మొదలుపెట్టింది. నా చెయ్యి హారను మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. మొదటి గేరులో ఆమె వెనకే నడిపాను. లారీలు దాటిపోయాయి. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి వింతగా చూశారు. పిలవలేదు. చాలా దూరం నడిచాక ఆమె ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, తలుపు తీసి కూర్చుంది. “ఏసీ పెట్టు” అంది.

నా భార్యను నేనే పోయి తెచ్చుకున్నానని చాలాకాలం చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. అక్క పేరు ఎత్తలేదు. ఆమె చనిపోయేనాటికి కూడా ఆ గొప్ప వదులుకోలేదు, ఆమెకు ఒక మంచిమాట చెప్పలేదు. అయితే ఆళ్లగడ్డ సంగతి మాత్రం పార్వతిని తెచ్చిన మర్నాడే అక్కకు చెప్పాను.

“అంత దూరం ఫస్టు గేరులోనా! క్లచ్చి ఏం గావాల?” అని గట్టిగా అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, “కాళ్లకు చెప్పులుండెనా ఆ పిల్లకు?” అని అడిగింది.

నేను చూడలేదు. అంతసేపు ఆమె వెనకే నడిపి, అది చూడలేదు.

“ఈసారన్నా చూడు” అంది అక్క.

ఇప్పటికీ ఒక్కోసారి నోరు జారుతుంది. పార్వతి ఏమీ అనదు, లేచి పెరట్లోకి వెళ్లిపోతుంది. నేను పిలవను. తలుపు దగ్గరికి వెళ్లి ఆమె చెప్పులు అక్కడే ఉన్నాయా అని చూస్తాను. ఉంటే తీసుకెళ్లి ఆమె పాదాల పక్కన పెట్టి, మాట్లాడకుండా వెనక్కి వస్తాను.