వాగవతలి ఆస్ట్రేలియా

బాపయ్య దొంగగా పనికిరాడని మొదటి రోజే తేలిపోయింది. తొంభై ఎనిమిదిలో మిరప ధర బాగా పలుకుతున్న రోజుల్లో, ప్రెసిడెంటు అంకమ్మరావుగారి కల్లంలోంచి ఒక బస్తా ఎండుమిరపకాయలు భుజాన వేసుకుని నడుస్తూ తుమ్మాడు. ఇక ఆగకుండా తుమ్ముతూనే ఉన్నాడు. కాపలావాళ్ళు పరుగెత్తాల్సిన పని కూడా పడలేదు.

పోలీసులకు చెబితే స్టేషన్ చుట్టూ మనమే తిరగాలని పెద్దలకు తెలుసు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఏం చేయాలా అని తలలు గోక్కున్నారు. అక్కడే పేపరు చదువుకుంటున్న సోషల్ మాస్టారు ఖాజావలిగారు, ఎవరూ అడగకపోయినా, ఇంగ్లీషువాళ్ళు ఏం చేశారో చెప్పారు. వాళ్ళ జైళ్ళు నిండిపోయాయట. అంతకుముందు దొంగల్ని అమెరికాకు తోలేవారు. ఆ దేశం స్వతంత్రం తెచ్చుకుని ఇక పంపొద్దంది. పాత ఓడల్లో కుక్కారు, అవీ నిండాయి. చివరికి 1787లో పదకొండు ఓడలు బయల్దేరదీసి, ఆస్ట్రేలియా ఒడ్డున దించి, పండించుకు తినండన్నారు. అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళను ఎవరూ అడగలేదు. గుడ్డముక్క దొంగిలించినవాడికీ ఏడేళ్ళు.

"బాగుందే!" అన్నారు ప్రెసిడెంటుగారు. "మనకి సముద్రం లేకపోతేనేం, వాగుంది."

వాగవతల పంచాయతీ పోరంబోకు దిబ్బ ఉంది. తుమ్మచెట్లు, రాళ్ళు, పాములు. బాపయ్యనూ అతని భార్య సుబ్బరావమ్మనూ అక్కడికి పంపాలని తీర్మానించారు. తెల్లవాళ్ళంత కఠినాత్ములం కాదు కనక ఏడేళ్ళు వద్దు, మూడు పంటలు చాలు, తర్వాత మేమే పిలుస్తాం అన్నారు. సుబ్బరావమ్మ ఏం దొంగిలించిందని ఎవరూ అడగలేదు. మా ఊరి న్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి ఏడు వేసిన జొన్న మొలవలేదు. "అక్కడా మొదట్లో అంతేనమ్మా, ఆకలికి అల్లాడిపోయారు," అని ఖాజావలిగారు సుబ్బరావమ్మను ఓదార్చారు. ఆమెకు అది ఓదార్పులా అనిపించలేదు. రెండో ఏడు ఇద్దరూ రాళ్ళు ఏరి మిరప నారు నాటారు, బిందెలతో నీళ్ళు మోసి పోశారు. మూడో పంట కూడా చేతికొచ్చింది. ఊరు పిలవలేదు. కోపముండి కాదు, మర్చిపోయారంతే. కిరోసిన్ కోసం రేషన్ షాపుకు వచ్చినప్పుడల్లా సుబ్బరావమ్మ క్యూలో ఆఖరున నిలబడేది, ఎవరైనా "వచ్చెయ్యండి" అంటారేమోనని. "ఆస్ట్రేలియా ఆవిడ వచ్చిందర్రా" అని మాత్రం అనేవారు.

తర్వాత కరువొచ్చింది. సాగర్ కాలవ ఎండింది. ఊరి చెరువు అడుగు కనిపించింది. బాపయ్య వాగు ఒడ్డున తవ్వుకున్న బావిలో మాత్రం తియ్యటి నీళ్ళు ఊరుతున్నాయి. పెద్దలు వాగు దాటారు. వాగులో చుక్క నీరు లేదు కనక చెప్పులు విప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

"ఒరేయ్ బాపయ్యా, నీ శిక్ష రద్దు చేశాం. రేపే ఊళ్ళోకి వచ్చెయ్యండి," అన్నారు ప్రెసిడెంటుగారు. "దిబ్బ పంచాయతీదేగా, ఇక మేం చూసుకుంటాంలే."

నీళ్ళు తోడుతున్న సుబ్బరావమ్మ చేతిలో చేంతాడు ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. "మమ్మల్నా అండీ పిలుస్తున్నారు, బావినా?" అంది.

ప్రెసిడెంటుగారు తుమ్మచెట్ల వంక చూశారు.

బాపయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఇది దొంగలకిచ్చిన నేలండీ. తమరు రావాలంటే ముందు ఏదన్నా దొంగతనం చెయ్యండి. నేనే దగ్గరుండి వాగు దాటిస్తా."

పెద్దలు వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి ఊరి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వచ్చారు. సుబ్బరావమ్మ ఎవరికీ లేదనలేదు, తనే తోడిపోసింది. నాలుగో రోజున ప్రెసిడెంటుగారి భార్య వచ్చి, తలవంచుకుని అందరికన్నా వెనక నిలబడింది.

సుబ్బరావమ్మ చేద కింద పెట్టింది. "అక్కడే నిలబడ్డారేంటమ్మా," అంది. "వచ్చెయ్యండి."