రెండు పేర్ల జపాను బండి

నరసరావుపేటలో మాకు షామియానా సప్లై కొట్టు ఉండేది. పెళ్లిళ్లకీ దినాలకీ అవే కుర్చీలు, అవే గుండిగలు. ఎనభైల మధ్యలో మా ఆయనకి సామాను రిక్షాల మీద పంపడం నామోషీ అనిపించింది. మాచర్ల దగ్గర ప్రాజెక్టు క్యాంపులో విదేశీ ఇంజనీర్లు వాడి వదిలేసిపోయిన బండ్లు వేలం వేస్తున్నారని విని పొద్దున్నే బయల్దేరాడు. సాయంత్రానికి ఒక జపాను పికప్పు తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడంటే, సగం దూరం తోలుకుని, మిగతా సగం ట్రాక్టరు చేత లాగించుకుని.

ముందు చిన్న క్యాబిన్, వెనక తొట్టి, ఆ తొట్టికి కిందకి దించే రేకు తలుపు. తలుపు మీద కంపెనీ పేరు పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉబ్బెత్తుగా అచ్చుకొట్టి ఉండేది. మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ బండి వెనక్కి తీసుకెళ్లి ఆ పేరు చదివించేవాడు. చదువు రానివాళ్ల చేత తడిమించేవాడు. "జిల్లా మొత్తానికి ఇదొక్కటే," అనేవాడు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా ఎవరికీ అంత శ్రద్ధగా చూపించలేదు.

బండి బాగుచేసిన మెకానిక్ భాయ్ సౌదీలో చానా ఏళ్లు పనిచేసి వచ్చినవాడు. బానెట్ ఎత్తి చూసి నవ్వాడు.

"ఈ బండి నాకు తెలుసు. అక్కడ దీనికి రెండు పేర్లు. జపానోళ్లు చేసి కొన్ని వాళ్ల పేరు మీద అమ్ముకుంటారు. కొన్ని అమెరికా కంపెనీకి ఇస్తారు. వాళ్లు వాళ్ల పేరు కొట్టుకుని అమ్ముకుంటారు. కొనుక్కున్నోళ్లు మాదే గొప్పంటే మాదే గొప్పని కొట్టుకునేవాళ్లు. రెండిటికీ ఆయిలు మార్చేది నేనే."

మా ఆయన మొహం మాడిపోయింది. "నువ్వు ఇంకేదో చూసుంటావులే," అన్నాడు. వారం రోజులు భాయ్‌తో ముక్తసరిగానే మాట్లాడాడు.

ఆ తర్వాత పెదకూరపాడులో ఒక దినం భోజనాలకి సామాను దించుతుంటే, రాళ్ల ట్రాక్టరొకటి వెనక్కి వచ్చి మా బండిని గుద్దింది. వెనక తలుపు అప్పడంలా మడతపడిపోయింది. మా ఆయన అన్నం మానేశాడు. భాయ్ జాలిపడి మద్రాసు వెళ్లి, పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగి ఇంకో తలుపు పట్టుకొచ్చాడు. బోల్టుల చిల్లులతో సహా అచ్చం సరిపోయింది. కాకపోతే దాని మీద ఉన్నది అమెరికా పేరు.

"ఇప్పుడన్నా నమ్ముతావా?" అన్నాడు భాయ్.

మా ఆయన కాసేపు తలుపునీ భాయ్‌నీ మార్చి మార్చి చూశాడు. మర్నాటి నుంచి అందరికీ మాది అమెరికా బండని చెప్పడం మొదలుపెట్టాడు.

అసలు గొడవ మాచవరం పెళ్లి రోజు వచ్చింది. పొద్దున ముహూర్తం, మధ్యాహ్నం భోజనాలు. ముందురోజు బండి మొరాయించడంతో వంట సామాను తెల్లారాక ఎక్కించాల్సి వచ్చింది. గుండిగలు, బేసిన్లు, ఇనప పొయ్యిలు నిండా వేసుకుని నేనూ ఆయనా బయల్దేరాం. సామాను లెక్కచూసి అప్పజెప్పే పని నాది. పిడుగురాళ్ల ఇంకా రాకముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

సి బుక్కు చూశాడు. బండి చుట్టూ తిరిగాడు. వెనక ఆగిపోయాడు.

"ఏందయ్యా, బుక్కులో ఒక కంపెనీ, తలుపు మీద ఇంకో కంపెనీ. ఎవడి బండి కొట్టుకొచ్చావు?"

"రెండూ ఒకటే సార్," అన్నాడు మా ఆయన. "జపానోళ్లు కని అమెరికావోళ్లకి ఇస్తే, వాళ్లు పేరు మార్చి పెంచుకున్నారు."

"దత్తత కాయితాలు ఉన్నాయా?"

పక్కనున్న కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. మా ఆయన సౌదీ కథంతా ఎత్తుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ విసుక్కుని, "నాకు కథలు చెప్పమాక. బండి స్టేషన్లో పెట్టు," అన్నాడు. అక్కడ మాచవరంలో వంటవాళ్లు కూరలు తరిగి, వండటానికి గిన్నె లేక మమ్మల్ని తిట్టుకుంటూ ఉండి ఉంటారు. నేను బండి దిగాను.

"అయ్యా, మా పుట్టింట్లో నాకో పేరుంది. పదో తరగతి సర్టిఫికెట్లో అదే ఉంది. అదీ మా అత్తగారి పేరూ ఒకటేనని, తల్లి పేరుతో పెళ్లాన్ని ఎట్లా పిలుస్తాడని, పెళ్లి పీటల మీదే నాకు వేరే పేరు పెట్టారు. రేషన్ కార్డులో ఆ పేరుంది. మనిషిని మాత్రం నేనే. ఇప్పుడు నన్ను కూడా స్టేషన్లో పెడతారా?"

ఎందుకో చివరి మాట నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అప్పటిదాకా ఆ సంగతి నన్ను అంతగా బాధపెట్టిందని నాకే తెలియదు. మా ఆయన నా వైపు వింతగా చూశాడు.

ఇన్‌స్పెక్టర్ కాసేపు బుక్కుతో విసురుకున్నాడు. తర్వాత ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు చూపించమన్నాడు. మా ఆయన కిరసనాయిల్ గుడ్డతో మట్టి తుడిచాడు. నెంబర్లు అంకె పొల్లు పోకుండా సరిపోయాయి.

"బండి మీదే. కానీ ఆ తలుపుతో నేను పంపను. ఊడదీయండి," అన్నాడు.

"తలుపు ఎక్కడ పెట్టమంటారు సార్?"

"తొట్టిలో వేసుకుపో. అప్పుడది సామాను. సామాను మీద ఏం రాసుంటే నాకేంది?"

తలుపు ఊడదీసి గుండిగల కింద పడుకోబెట్టాం. ఇక వెనక అడ్డం లేదు కాబట్టి షామియానా తాళ్లు అడ్డంగా కట్టి, అవి పట్టుకుని నేను తొట్టిలో కూర్చున్నాను. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర గతుకులకి ఒక పెద్ద గుండిగ తాళ్ల కింద నుంచి జారి దూకింది. దొర్లుకుంటూ పోయి సున్నం కుప్పలో కూలబడింది. నేనూ దూకి దాన్ని బయటికి లాగాను. ఇద్దరం ఒకే రంగుకి వచ్చాం.

మాచవరం చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. పెళ్లికూతురి నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, వంటకొచ్చావా, వెల్లలెయ్యటానికొచ్చావా?" అంది. భోజనాలు రెండు గంటలు ఆలస్యమయ్యాయి. ఆకలి మీద ఉన్నారేమో, వంట బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన బండి తోలుతూ నా పాత పేరు రెండు మూడుసార్లు తనలో తను అనుకున్నాడు. ఇంటి దగ్గరకొచ్చాక, "నీ పాత పేరు నోటికి బాగుందే," అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు కాఫీ కోసం వసారాలో కూర్చుని ఆ పేరుతో నన్ను గట్టిగా పిలిచాడు.

నేను వంటింట్లోంచి "ఆఁ" అన్నాను. పెరట్లోంచి మా అత్తగారు కూడా "ఆఁ" అంది.

చేతిలో చీపురుతోనే వచ్చింది. "ఒరేయ్, తల్లిని పేరు పెట్టి పిలిచేంత మొనగాడివయ్యావా?"

మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకి పారిపోయాడు. చేసేదిలేక ముందురోజు జరిగిందంతా నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చీపురు పక్కన పడేసి గడప మీద కూర్చుంది.

"మరి నాదీ ఈ పేరు కాదే," అంది. "నా ఆడబిడ్డదీ నాదీ ఒకటే పేరని, నేనొచ్చిన రోజే మా అత్త మార్చింది."

ఎవరి పేరు కోసమైతే నా పేరు తీసేశారో, అది ఆమెది కూడా కాదన్నమాట. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అసలు పేరేమిటని అడిగాను. అటూ ఇటూ చూసి, ఏదో దొంగసొత్తు చూపించినట్టు, నా చెవిలో చెప్పింది. చాలా అందమైన పేరు. నేను పైకి ఒకసారి పలికాను.

"ఇంకోసారి అనవే," అంది మా అత్తగారు.